నాలుగేండ్ల పనికి సాక్షి సంతకము

ఈ నెల మేము వ్రాయబోవు సంగతి ఒక కాగితమును గురించినది. దాని మీద మేము సంతకము చేయలేదు. చేయనందుకు మా సంఘములో ఒక కుటుంబము కొన్ని వారములు మాతో మాటలాడలేదు. ఆ కుటుంబము వారి అనుమతితోనే, పేర్లు విడిచిపెట్టి, దీనిని వ్రాస్తున్నాము. పిల్లలను దూరదేశములకు పంపిన ఇండ్లకు, ఇక్కడ ఇల్లు కట్టుకొనువారికి కూడ ఇది పనికివచ్చునని మా నమ్మకము.

2025 ఆగస్టులో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరు వెళ్ళిన తరువాత మా సంఘములోని తాపీ మేస్త్రీగారు గుమ్మము దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితము.

"అయ్యగారూ, మీ సంతకం ఒక్కటి కావాలండి. అబ్బాయి అమెరికాలో కాంట్రాక్టరు లైసెన్సుకి పెట్టుకుంటన్నాడు. మన గుడి కట్టినప్పుడు మేస్త్రీగా చేశాడని మీరు రాసిస్తే చాలంట," అన్నారు.

కాగితము విప్పి చూచినాము. అది కాలిఫోర్నియా రాష్ట్రములో కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డువారి అనుభవ ధ్రువీకరణ పత్రము. అభ్యర్థి ఏ పని, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చేసినాడో కన్నులార చూచినవాడు వ్రాసి సంతకము చేయవలెను. అబద్ధమైతే అబద్ధ సాక్ష్యపు నేరము క్రింద శిక్షకు ఒప్పుకొందునని సంతకము దగ్గరనే అచ్చువేసి ఉన్నది.

మేస్త్రీగారికి మేము ఋణస్థులము. 2016 జనవరి మొదలు 2017 మార్చి వరకు పదునాలుగు నెలలు మా మందిరము కట్టినవారు ఆయనే. స్లాబు వేసిన రాత్రి వర్షము వచ్చునేమోనని టార్పాలిను పట్టుకొని తెల్లవార్లు మాతోపాటు కూర్చున్నారు. ఆఖరున ఆయనకు రావలసిన కూలిలో నలువది వేలు, "దేవుని పనికి నా వంతు" అని విడిచిపెట్టినారు. అటువంటి మనిషి తొమ్మిదేండ్లలో మొదటిసారి మమ్మును ఒకటి అడిగినారు.

అయితే ఆ పదునాలుగు నెలలలో ఆయన కుమారుడు ఏమి చేసినాడో మాకు తెలియును. ఇంటర్మీడియటు పూర్తిచేసి ఇంటి దగ్గర ఉన్నాడు. రెండు వేసవులు సెంట్రింగు చెక్కలు మోసినాడు, ఇసుక జల్లించినాడు, గోడలకు నీళ్ళు పట్టినాడు. తాపీ చేతపట్టి ఒక్క వరుస ఇటుక పేర్చగా మేము చూడలేదు. చెడ్డ పిల్లవాడు కాడు, నేర్చుకొనుచున్న పిల్లవాడు. "రెండు రోజులు ఆగండి, అబ్బాయితో మాట్లాడతాము," అన్నాము. మేస్త్రీగారి ముఖము అప్పుడే కొంచెము మారినది.

ఆ రాత్రి ఫోనులో అబ్బాయి దొరికినాడు. 2018లో నర్సుగా పనిచేయుచున్న అమ్మాయిని వివాహమాడి అక్కడికి వెళ్ళినవాడు. మొదట ఒక అంగడిలో పనిచేసి, 2020లో ఇండ్లు కట్టు కాంట్రాక్టరు దగ్గర సహాయకుడుగా చేరినాడు. 2022 నవంబరు నుండి మాత్రమే స్వంతముగా చెక్కపని, గోడల ఫ్రేములు, తలుపులు కిటికీలు బిగించు పని చేయుచున్నాడు. ఇక తానే కాంట్రాక్టరు కావలెనని కోరిక. దానికి ఏమేమి కావలెనో అతడు చెప్పినది, తరువాత మేము చదివి తెలుసుకొన్నది ఇక్కడ వరుసగా ఇస్తున్నాము.

అమెరికా అంతటికి ఒక్కటే లైసెన్సు లేదు. ప్రతి రాష్ట్రమునకు దాని చట్టము దానిది. టెక్సాసు, న్యూయార్కు వంటి రాష్ట్రములలో సాధారణ భవన కాంట్రాక్టరుకు రాష్ట్రమంతటికి చెల్లు లైసెన్సు లేదు. అక్కడ నగరములే నియమములు పెట్టుకొనును. కాలిఫోర్నియాలో మాత్రము 1929 నుండి దీనికొక బోర్డు ఉన్నది. రోడ్లు, వంతెనలు, కాలువలు వంటి పెద్ద పనులకు ఎ తరగతి. ఇండ్లు, భవనములకు బి తరగతి. కరెంటు, ప్లంబింగు, రంగులు వంటి ఒక్కొక్క పనికి సి తరగతి. మన అబ్బాయి కోరినది బి తరగతి. చెక్క ఫ్రేముల పని గాక, ఒకదానితో ఒకటి సంబంధము లేని కనీసము రెండు పనులు కలిసి ఉన్న కట్టడములకు అది వర్తించును. ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన అన్నియు చేయవచ్చునని కాదు. మంటలార్పు గొట్టముల ఏర్పాటు, బోరు త్రవ్వుట వంటివి ఆ ప్రత్యేక లైసెన్సు లేనిదే ఒప్పుకొనరాదు.

అభ్యర్థికి 18 ఏండ్లు నిండవలెను. గడచిన పదేండ్లలో నాలుగేండ్లు పూర్తి అనుభవము ఉండవలెను. చాలమంది తడబడునది ఇక్కడనే. సహాయకుడుగా, నేర్చుకొనువాడుగా గడిపిన కాలము ఆ నాలుగేండ్లలో లెక్కకు రాదు. ఎవరి పర్యవేక్షణ లేకుండ పనిని తనంతట తాను సరిగా చేయగల స్థితి వచ్చిన తరువాతి కాలమే లెక్క. మన భాషలో చెప్పవలెనంటే, కూలిగా మోసిన రోజులు కావు, మేస్త్రీగా నిలిచిన రోజులు. సివిల్ ఇంజనీరింగు వంటి చదువులు చదివినవారికి, ధ్రువపత్రములు చూపినయెడల, మూడేండ్ల వరకు తగ్గింపు ఇవ్వవచ్చును. అయినను కనీసము ఒక ఏడాది చేతిపని ఉండి తీరవలెను.

అనుభవమునకు సాక్షిగా యజమాని, పనిమీది ఫోర్మను, తోటి పనివాడు, ఇంజనీరు, ఆర్కిటెక్టు, భవనముల తనిఖీ అధికారి వంటివారు ఉండవచ్చును. వారు స్వయముగా చూచి ఉండవలెను. బోర్డువారు అనుమానము వచ్చినచోట జీతపు రశీదులు, పన్ను కాగితములు, పర్మిట్లు అడుగుదురు.

దరఖాస్తు రుసుము 450 డాలర్లు. అంగీకరించిన తరువాత పరీక్ష రెండు భాగములు. ఒకటి చట్టము, వ్యాపారము. అందులో ఒప్పందము వ్రాయుట, లెక్కలు, పనివారి భద్రత, జీతములు అన్నియు వచ్చును. రెండవది పనికి సంబంధించినది. రెండింటిలోను ఉత్తీర్ణుడు కావలెను. వ్రేలిముద్రలు ఇచ్చి పూర్వ నేరములు ఏవైన ఉన్నవేమో పరిశీలన జరుగవలెను. ఆస్బెస్టాసు దుమ్ము వలన కలుగు హానిని గూర్చి పుస్తకము దగ్గర పెట్టుకొని వ్రాయు చిన్న పరీక్ష కూడ ఉన్నది. స్వంతముగా వ్యాపారము చేయువాడైతే మొదటి లైసెన్సు రుసుము మరి 200 డాలర్లు. పనివారిని పెట్టుకొన్నయెడల వారికి గాయము తగిలినప్పుడు ఆదుకొను భీమా చూపవలెను. రెండేండ్లకొకసారి లైసెన్సును క్రొత్త చేయించుకొనవలెను.

ఇంత చెప్పి అబ్బాయి, "అయ్యగారూ, బాండు 25 వేల డాలర్లు కట్టాలి, నాన్న చూసుకుంటానన్నాడు," అన్నాడు. మేము ఉలిక్కిపడినాము. 25 వేల డాలర్లంటే మన రూపాయలలో 20 లక్షలు దాటును. మరునాడు విచారించగా, కాలువ ప్రక్కనున్న అర ఎకరము మేస్త్రీగారు బేరము పెట్టినారని, కొనువాడు వచ్చే శుక్రవారము బయానా తెచ్చుచున్నాడని తెలిసినది. ఆ ఇంటికి మిగిలిన భూమి అదొక్కటే.

బాండు అనునది ఏమిటో మేము ఒకటికి రెండుసార్లు చదివినాము. 2023 జనవరి నుండి కాలిఫోర్నియాలో కాంట్రాక్టరు బాండు 25 వేల డాలర్లు. అంతకు ముందు 15 వేలు. అయితే అది అభ్యర్థి చేతినుండి బోర్డుకు కట్టు డిపాజిట్టు కానక్కరలేదు. అది పూచీకత్తు. ఒక పూచీ కంపెనీ, "ఈ కాంట్రాక్టరు చట్టము మీరి ఇంటివారికి గాని పనివారికి గాని నష్టము చేసినయెడల, 25 వేల వరకు మేము చెల్లించెదము" అని వ్రాసి ఇచ్చును. అందుకు కాంట్రాక్టరు ఆ కంపెనీకి ప్రీమియము చెల్లించును. అప్పులు సక్రమముగా తీర్చిన చరిత్ర ఉన్నవానికి అది ఆ మొత్తములో కొద్ది వంతు మాత్రమే. కంపెనీ ఎవరికైన చెల్లించవలసి వచ్చినయెడల ఆ సొమ్మును తిరిగి కాంట్రాక్టరు దగ్గరనే రాబట్టును. కనుక అది కాంట్రాక్టరును కాపాడు భీమా కాదు. ఇల్లు కట్టించుకొనువానిని కాపాడునది.

మన బైబిలులో పూటబడుట అను మాట వినుచున్నాము గదా! సామెతల గ్రంథము అనేక స్థలములలో దానిని గూర్చి హెచ్చరించుచున్నది. పూటబడినవాని ఆస్తి పోవుట మన ఊళ్ళలో చూచినాము. అయితే ఇక్కడ పూటబడునది కంపెనీ, తండ్రి కాడు. ఆ సంగతి మేస్త్రీగారికి తెలియలేదు. తెలియజెప్పవలసిన కుమారునికి కూడ సరిగా తెలియలేదు.

గురువారము సాయంకాలము మేస్త్రీగారి ఇంటికి వెళ్ళినాము. అరుగు మీద కూర్చుండి మొదట పొలము సంగతి చెప్పినాము. ఆయన మాట నమ్మలేదు. "పాతిక వేలు కట్టాలని అబ్బాయే అన్నాడు కదండీ" అన్నారు. అక్కడనుండి అబ్బాయికి ఫోను కలిపి, పూచీ కంపెనీ వారిని ప్రీమియము ఎంతో అడిగి చెప్పుమన్నాము. రెండు రోజులలో అతడు అడిగి చెప్పినాడు. కొన్ని వందల డాలర్లు, అతని ఒక వారపు జీతము లోపే. బేరము ఆగినది. మేస్త్రీగారి భార్య ఆ మాట విని లోపలికి వెళ్ళి చాలసేపు బయటికి రాలేదు. ఆ అర ఎకరము ఆమె పుట్టింటివారు పసుపు కుంకుమ క్రింద ఇచ్చినది.

అయితే అదే గురువారము రెండవ మాట కూడ చెప్పవలసి వచ్చినది. "మేస్త్రీగారూ, ఈ కాగితం మీద మేము సంతకం పెట్టలేము. అబ్బాయి రెండు వేసవులు సాయం చేశాడని రాయమంటే రాస్తాము. మేస్త్రీగా చేశాడని రాయలేము. అట్లా రాయనిదే వాళ్ళకు ఇది పనికిరాదు," అన్నాము.

ఆయన కొంతసేపు నేలవైపు చూచినారు. "ఒక్క ఏడాది మూడు నెలలు తక్కువండీ. అంతే. ఎవరికి నష్టం?" అన్నారు. తరువాత మెల్లగా, "నేను నలభై వేలు వదిలినప్పుడు మీరు రశీదు అడగలేదు," అన్నారు. ఆ మాట మమ్మును గాయపరచినది. ఆయన ప్రక్కన అది న్యాయమైన మాటే. మేము జవాబు చెప్పలేక లేచి వచ్చినాము.

ఎవరికి నష్టమని ఆయన అడిగిన ప్రశ్నను ఆ రాత్రి మేము మాలో మేము ఎన్నోసార్లు వేసుకొన్నాము. సంతకమునకు ఎవరును చావరు. కాలిఫోర్నియానుండి మన పల్లెకు ఎవరును వచ్చి అడుగరు. కాని ఇల్లు కట్టుటలో అబద్ధము కాగితము మీద ఆగదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది. ఎవడైన పైనుండి పడినయెడల ఆ రక్తాపరాధము ఇంటి మీదికి వచ్చునని అందులో భావము. అంటే ఇల్లు కట్టుట పొరుగువాని ప్రాణమునకు సంబంధించిన పని. ఆ నాలుగేండ్లు అడుగుటకు కారణము అదే. ఎక్కడ బీము సరిపోదో, ఎక్కడ చెక్క బరువు మోయదో పుస్తకములో కాదు, చేతికి తెలియవలెను. ఒక ఏడాది మూడు నెలలు ఎగ్గొట్టినవాడు కట్టిన మెట్లు ఎవరి బిడ్డ ఎక్కునో మనకు తెలియదు. తొమ్మిదవ ఆజ్ఞ సరే సరి. దానిని మేము ప్రతి సంవత్సరము పిల్లలకు వల్లె వేయించుచున్నాము.

తరువాత మూడు ఆదివారములు మేస్త్రీగారు వచ్చి వెనుక వరుసలో కూర్చుండి, ముగింపు ప్రార్థన కాకమునుపే వెళ్ళిపోయినారు. నాలుగవ ఆదివారము రాలేదు.

ఈలోగా అక్కడ అబ్బాయికి మరి రెండు శోధనలు ఎదురైనవి. మన తెలుగు కుటుంబమొకటి తమ వంటగది తిరిగి కట్టుటకు 18 వేల డాలర్లు ఇచ్చెదమని, లైసెన్సు లేకున్నను ఫరవాలేదని పిలిచినది. ఇంకొకడు, "నా లైసెన్సు నంబరు వాడుకో, వచ్చిన దానిలో నాకు వంతు ఇయ్యి," అన్నాడు. ఈ రెండును నేరములే. కాలిఫోర్నియాలో లైసెన్సు లేనివాడు చేయదగిన పని, కూలి సామాను కలిపి 1,000 డాలర్ల లోపు ఉండవలెను. 2025 జనవరికి ముందు ఈ హద్దు 500 మాత్రమే. అదియు పర్మిట్టు అక్కరలేని పనియై, పనివారిని పెట్టుకొననప్పుడే. పెద్ద పనిని ముక్కలు చేసి ఒక్కొక్కటి వెయ్యి లోపని చూపుట కూడ చెల్లదు. మీరినవానికి మొదటిసారియే ఆరు నెలల వరకు జైలు గాని, 5,000 డాలర్ల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును. లైసెన్సును అద్దెకిచ్చినవాడు తన లైసెన్సును కూడ పోగొట్టుకొనవచ్చును.

ఇంకొక సంగతి అబ్బాయికి తెలియదు. లైసెన్సు లేనివాడు పని అంతయు చక్కగా చేసినను, ఇంటివారు సొమ్ము ఎగవేసినయెడల కోర్టుకు వెళ్ళుటకు వీలులేదు. పైగా ఇంటివారు అప్పటికే ఇచ్చిన సొమ్మును తిరిగి ఇమ్మని దావా వేయవచ్చును. ఇది చెప్పగానే అతడు చాలసేపు మౌనముగా ఉండి, "అంటే నేను సొంత డబ్బుతో వాళ్ళకి వంటిల్లు కట్టి పెట్టినట్టేనా అయ్యగారూ?" అన్నాడు. అవునన్నాము. ఆ పని వదులుకొన్నాడు.

పిమ్మట తానే కూర్చుండి లెక్క వేసుకొన్నాడు. జీతపు కాగితములన్ని తీసి, తాను సహాయకుడుగా ఉన్న కాలము ఒక ప్రక్క, స్వంతముగా పనిచేసిన కాలము ఒక ప్రక్క వ్రాసినాడు. 2026 నవంబరుకు నాలుగేండ్లు నిండును. యజమాని దగ్గరికి వెళ్ళి దాపరికము లేకుండ చెప్పినాడు. ఆయన కోపపడునేమో, రేపటి పోటీదారుడని పని మానిపించునేమో అని భయపడినాడు. ఆయన, "సమయము నిండిన రోజున నేనే సంతకము చేస్తాను, ఈలోగా చట్టము పుస్తకము చదువుకో" అన్నాడట. ఇప్పుడు రాత్రులు చదువుచున్నాడు. ఫలితము ఎట్లుండునో మేము ముందుగా చెప్పజాలము. పరీక్షలు కఠినమైనవే.

ఈ సంగతి కుమారుడే తండ్రికి చెప్పినాడు. ఐదవ ఆదివారము మేస్త్రీగారు వచ్చినారు. ఆరాధన తరువాత మా దగ్గరికి వచ్చి క్షమాపణ అనలేదు, మేమును అనలేదు. "ఉత్తరం గోడ పైన పగులు కనపడుతోంది అయ్యగారూ, వానలు తగ్గాక పూసేద్దాం," అన్నారు. అంతే. కూలి తీసుకొనవలెనని ఈసారి మేము పట్టుబట్టినాము. రశీదు కూడ వ్రాయించినాము.

ప్రియ పాఠకులారా, మన ఊళ్ళలో స్వంత ఇల్లు కట్టు మేస్త్రీకి ఇటువంటి లైసెన్సు లేదు. ప్రభుత్వ పనులకు తరగతుల వారీగా కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషను ఉన్నది గాని, మన రెండు గదుల ఇంటికి మాట మీదనే పని జరుగును. అందుచేత కాలిఫోర్నియా చట్టములోనుండి మనము నేర్చుకొని ఆచరింపదగినవి కొన్ని ఉన్నవి.

ఒకటి, వ్రాత. అక్కడ ఇంటి మరమ్మతు ఒప్పందము వ్రాతపూర్వకముగా ఉండవలెను. సంతకము చేసిన తరువాత కూడ ఇంటివారికి సాధారణముగా మూడు దినముల లోపల రద్దు చేసుకొను హక్కు ఉన్నది. మనము కనీసము ఒక తెల్లకాగితము మీద పని ఎంత, సిమెంటు ఇసుక ఎవరివి, స్లాబు ఎన్ని అంగుళములు, ఎప్పటికి పూర్తి, సొమ్ము ఎప్పుడెప్పుడు అని వ్రాసుకొని ఇద్దరును సంతకము చేయవలెను. నమ్మకము లేక కాదు, నమ్మకము చెడకుండుటకు.

రెండు, అడ్వాన్సు. అక్కడ ఇంటి మరమ్మతు పనులకు ముందుగా తీసుకొనదగినది మొత్తములో పదియవ వంతు గాని 1,000 డాలర్లు గాని, ఏది తక్కువైతే అది. మిగిలినది పని జరిగినకొలది. మనము సగము సొమ్ము ముందే ఇచ్చి, తరువాత మేస్త్రీ కోసము ఊరంతా వెదకుచున్నాము. పునాదికి ఇంత, స్లాబుకు ఇంత, పూతకు ఇంత అని విభాగించుకొనుట ఇద్దరికిని మేలు. పని జరిగిన తరువాత మాత్రము కూలి ఆపరాదు. ఆపిన కూలి మొరపెట్టునని యాకోబు పత్రికలో చదువుచున్నాము.

మూడు, పనివారు. మన దేశములో భవన నిర్మాణ కార్మికుల చట్టము 1996లో వచ్చినది. 18 నుండి 60 ఏండ్ల లోపువారు, గడచిన పన్నెండు నెలలలో 90 దినములు నిర్మాణపు పని చేసినవారు కార్మికులుగా పేరు నమోదు చేయించుకొనవచ్చును. మా సంఘములో తాపీవారు, రాడ్డు కట్టువారు, మట్టి మోయు స్త్రీలు చాలమంది చేయించుకొనలేదు. ప్రమాదము జరిగిన తరువాత కార్డు కోసము పరుగెత్తుట కంటె ముందే కార్మికశాఖ కార్యాలయమునకు వెళ్ళుడి. ఆధారు కాగితము, పనిచేసిన దినములకు ధ్రువీకరణ తీసుకొని వెళ్ళుడి. ఆ ధ్రువీకరణలో నిజమైన దినములనే వ్రాయించుడి.

నాలుగు, పిల్లలు. దూరదేశమునుండి కుమారుడు సొమ్ము కావలెనన్నప్పుడు, ఎంత అని మాత్రమే అడుగక, దేనికి, ఎవరికి, ఏ కాగితము మీద అని కూడ అడుగుడి. తెలిసినవారిచేత ఆ కాగితము చదివించుకొనుడి. అడిగినందున ప్రేమ తగ్గదు. మేస్త్రీగారు ఆ ఒక్క ప్రశ్న అడిగియున్నచో, అర ఎకరము బేరము వరకు వెళ్ళెడిది కాదు.

ఆ ధ్రువీకరణ కాగితము ఇంకను మా బల్ల సొరుగులోనే ఉన్నది. మేస్త్రీగారు తిరిగి అడుగలేదు, మేమును చింపలేదు. ఉత్తరపు గోడ పూత మాత్రము సంక్రాంతికి ముందే పూర్తియైనది. పగులు ఉన్న చోటు ఎక్కడో ఇప్పుడు మాకే తెలియుటలేదు.